పెద్ద అక్షరాల బైబిలు కొన్నాను, జిప్పు మాత్రం దండగ

విజయనగరం గంటస్తంభం దగ్గర్లో ఒక చిన్న క్రైస్తవ పుస్తకాల కొట్లో 600 పెట్టి పెద్ద అక్షరాల బైబిలు కొన్నాను. అక్షరాలు బాగున్నాయి, కళ్లజోడు లేకుండానే చదివేస్తున్నాను. కవరు జిప్పు మాత్రం రెండో వారానికే పళ్లు ఊడింది. కాగితం మరీ పల్చన, వెనక పేజీ అక్షరాలు ఇటు కనబడతాయి. కొట్టాయన్ని జిప్పు సంగతి అడిగితే, "జిప్పు పోతే పోయింది తమ్ముడూ, లోపలిది చదువుతున్నావా లేదా?" అని నవ్వేశాడాయన. కోపం వచ్చింది గానీ, మాట నిజమే.

మందు మానేసి ఏడు నెలలైంది. అంతకుముందు నా డబ్బు, నా ఇష్టం, అదే స్వేచ్ఛ అనుకునేవాణ్ణి, సాయంత్రం ఆరయ్యేసరికి కాళ్లు వాటంతటవే మందు కొట్టువైపు నడిచేవి, అదేం స్వేచ్ఛో. బైబిల్లో గలతీయులకు రాసిన పత్రిక, అంటే ఉత్తరం, ఐదో అధ్యాయంలో తొలినాటి క్రైస్తవ బోధకుడు పౌలు, స్వేచ్ఛ దొరికింది ఒళ్లు చెప్పినట్టల్లా ఆడడానికి కాదు, ప్రేమతో ఒకరికొకరు సేవ చేసుకోవడానికి అంటాడు. అక్కడ ఆగిపోయాను. ఇప్పుడు ఆదివారం ఆరాధన అయ్యాక బల్లలు సర్దడం, ముసలివాళ్లను ఆటో ఎక్కించడం నా పని.

ఫిలేమోను పత్రిక 25 వచనాలే, టీ చల్లారేలోపు అయిపోతుంది. ఒనేసిము అనే దాసుణ్ణి ఇకపై సోదరుడిలా చేర్చుకోమని అతని యజమాని ఫిలేమోనుకి జైల్లోంచి పౌలు రాసిన ఉత్తరం అది. భాష పాతది, కొన్ని మాటలు మా అమ్మని అడిగి తెలుసుకున్నాను. అన్నట్టు, 1812లో బెంగాల్లోని సేరంపూర్‌లో అచ్చయిన తెలుగు సువార్తల అనువాదం జరిగింది మన పక్క విశాఖలోనే.

కొనేవాళ్లు జిప్పు లేనిది తీసుకోండి.