వెంకటను బెంకటగా వెతకండి: పాత పుస్తకాల విభాగంపై ఆరేళ్ల వాడకం తర్వాత

దక్షిణ ఒడిశాలోని ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో అరుదైన పుస్తకాల విభాగం గురించి ఇది. ఇక్కడి గంజాం ప్రాంతం 1936 ఏప్రిల్ 1 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. అందుకే మద్రాసులో అచ్చయిన తెలుగు పుస్తకాలు, ఇక్కడి పాత ఇళ్లలోంచి వచ్చిన తాళపత్రాలు బాగానే ఉన్నాయి. సరుక్కి వంక పెట్టలేం. దాన్ని దొరకబుచ్చుకోవడమే అసలు పని.

చిక్కంతా కేటలాగుతోనే. ఒడియా నోట మన ‘వ’ ‘బ’ అవుతుంది, పదం మొదట్లో ‘య’ ‘జ’ అవుతుంది. కార్డులు రాసినవాళ్లు పలికినట్టే ఇంగ్లీషు అక్షరాల్లో ఎక్కించారు. ‘వెంకట’ అని కొడితే శూన్యం, ‘బెంకట’ అంటే వరసగా వస్తాయి. యక్షగానాలు ‘జ’ దగ్గర కూర్చున్నాయి. పైగా ఒకే రచయిత ఒకచోట ఇంటిపేరు కింద, మరోచోట అసలు పేరు కింద ఉంటారు. నాలుగు రకాలుగా వెతికాకే లేదనుకోండి. అప్పటికీ దొరక్కపోతే చేతిరాత అక్సెషన్ రిజిస్టరు (వచ్చిన పుస్తకాలను వరసగా ఎక్కించే చిట్టా) అడగండి. కంప్యూటరుకి ఎక్కని పుస్తకాలు అందులోనే ఉన్నాయి.

తాళపత్రాల దగ్గర ఇంకో మెలిక: తెలుగు లిపిలో ఒడియా, ఒడియా లిపిలో తెలుగు రెండూ ఉన్నాయి. ‘భాష’ అన్న గడిని లిపి చూసి నింపేశారు, కాబట్టి ఒడియా జాబితా కూడా తిరగెయ్యాలి.

తేదీల్లో అంకం (రాజుగారి ఏలుబడి ఏళ్ల లెక్క) కనిపిస్తే ఉన్నదున్నట్టు లెక్క పెట్టకండి. ఒడిశా రాజులైన గజపతుల అంకం 2తో మొదలవుతుంది. 6తోనూ సున్నాతోనూ ముగిసే అంకెలు వదిలేస్తారు, 10ని మాత్రం ఉంచుతారు. 17వ అంకం అంటే రాజుగారి ఏలుబడిలో 14వ ఏడు. సంవత్సరం మారేది కూడా ఉగాదికి కాదు, భాద్రపద శుద్ధ ద్వాదశినాడు.

గాట్లలో పూసిన మసి వెలిసిపోయిన ఆకుని దీపం కింద పెట్టి లాభం లేదు. చిన్న టార్చిని ఆకుకి దాదాపు సమాంతరంగా, పక్కనుంచి పట్టండి. గంటపు గాటులో నీడ పడి అక్షరం లేస్తుంది. తాడు విప్పాక ఆకుల వరస చెదరకూడదు. బిరుసెక్కిన ఆకుని వంచితే నారల వెంట చీలిపోతుంది.

అచ్చు పుస్తకాల్లో కర్రగుజ్జు కాగితానివే ఎక్కువ కష్టాలు. ఆమ్లం పట్టి మూల మడిస్తే అప్పడంలా విరుగుతుంది. అట్టని పూర్తిగా పరచకుండా రెండువైపులా దిండు పెట్టి చదవాలి. వెనకటికెవరో చిరుగులకి అంటించిన సెల్లోటేపు జిగురు గోధుమరంగుకి తిరిగి అక్షరాల్లోకి దిగింది. దాన్ని పీకే ప్రయత్నం చెయ్యకండి, అచ్చుతో సహా వచ్చేస్తుంది. చేతి తొడుగులు అక్కర్లేదు, శుభ్రంగా కడిగి ఆరిన చేతులు చాలు. పెన్ను బయటే, పెన్సిలు మనమే తెచ్చుకోవాలి.

నకలు అడిగేటప్పుడు నోరు తెరిచి చెప్పాలి: 400 డీపీఐ (అంగుళానికి 400 చుక్కలు), గ్రేస్కేలు (బూడిదరంగు ఛాయలతో). ఊరుకుంటే నలుపు తెలుపులో తీసిస్తారు. అందులో అరసున్న ఎగిరిపోతుంది, నిండుసున్న పూడి చుక్కవుతుంది, వత్తులు పై అక్షరానికి అతుక్కుంటాయి. పాఠ పరిష్కరణకి (ప్రతులు పోల్చి సరైన పాఠం తేల్చడానికి) అలాంటి నకలు పనికిరాదు.

అర్జీ పదకొండులోపు ఇస్తే కట్ట ఆరోజే బల్లమీదికొస్తుంది. భోజనాల తర్వాత ఇస్తే మర్నాడే.