నాటా, మిషనా, డ్రమ్ సీడరా, చల్లుడా: వరికి ఏది మేలు?

సీజన్ మొదలయ్యే ముందు మా గట్టు మీద ప్రతిసారీ ఇదే పంచాయితీ. నాగార్జున సాగర్ ఎడమ కాల్వ కింద మాకు అయిదెకరాలు, కొన్నేళ్లుగా ఈ నాలుగు పద్ధతులూ చేసి చూశాను కాబట్టి ముందే చెప్పేస్తున్నా: పద్ధతి పేరును బట్టి వడ్లు పండవు. చదరపు మీటరుకు ఎన్ని కుదుళ్లు (ఒకచోట నాటిన మొక్కల గుత్తులు) నిలబడ్డాయి, ఏ తేదీకి నిలబడ్డాయి, నా అనుభవంలో సగం లెక్క అక్కడే తేలిపోతుంది.

చేతినాటుకే దిగుబడి ఎక్కువ అనేవాళ్లు చాలామంది. నిజమే, సరిగ్గా వేస్తే. వ్యవసాయ శాఖ వాళ్లు వానాకాలానికి చదరపు మీటరుకు 33, యాసంగికి 44 కుదుళ్లు ఉండాలంటారు. ఒకసారి మడిలోకి దిగి మీటరు పొడవున్న నాలుగు కర్రలు చదరంగా పెట్టి లెక్కపెట్టండి, నేను పెడితే 19 వచ్చాయి! ఎకరానికి ఇంత అని గుత్త మాట్లాడుకున్నాక కూలీలు పొద్దుగూకేలోపు ఇంకో మడి అందుకోవాలనే చూస్తారు, వాళ్లను తప్పుపట్టి లాభం లేదు, మనం డబ్బులిచ్చేది ఎకరానికి గానీ కుదురుకు కాదు కదా. దానికి తోడు కాల్వ నీళ్లు ఆలస్యమైతే నారు ముదిరిపోతుంది. నాలుగు నెలల పంటకు నాలుగు వారాల నారు అని పెద్దలు చెప్పే లెక్క ఊరికే పుట్టలేదు, నలభై అయిదు రోజుల నారు పెడితే పిలకలు (పక్క కాడలు) వేయాల్సిన వయసంతా నారుమడిలోనే అయిపోతుంది. అలాంటప్పుడు దగ్గర దగ్గరగా, కుదురుకు మొక్కలు పెంచి నాటడం తప్ప దారి లేదు.

అయినా చేతినాటుకు ఒక పెద్ద బలం ఉంది: కలుపు తక్కువ. వరి అప్పటికే జానెడు ఎత్తుంటుంది, నీళ్లు నిలబెడితే కింద కలుపు గింజ మొలవదు. మిగతా పద్ధతుల్లో డబ్బు పోయేది ఇక్కడే.

మిషన్ నాటులో ట్రేల్లో పెంచిన పదిహేను రోజుల లేత నారు పడుతుంది, పిలకలు బాగా వేస్తుంది. విత్తనం ఎకరానికి 12 నుంచి 15 కిలోలు చాలు, చేతినాటుకు 20 నుంచి 25 కిలోలు పోస్తాం. కానీ ఒక సంగతి డ్రైవర్ చెప్పడు, మనమే అడగాలి. ఎక్కువ మిషన్లలో సాళ్ల మధ్య దూరం 30 సెంటీమీటర్లు, అది మారదు, సాలులో మొక్కల మధ్య దూరం మాత్రం మార్చుకోవచ్చు. 16 సెంటీమీటర్లకు పెడితే చదరపు మీటరుకు 21 కుదుళ్లే, 12కి పెడితే 28 దాకా వస్తాయి. దూరం పెంచితే ట్రేలు కలిసొస్తాయి, పని తొందరగా అయిపోతుంది, కాబట్టి వదిలేస్తే వాళ్లు 16కే పెడతారు. దమ్ము చేసిన మర్నాడే మిషన్ దించితే బురదలో మొక్కలు మునిగిపోతాయి, ఒకటి రెండు రోజులు మట్టి పేరుకోనివ్వాలి. మూలల్లో మళ్లీ చేత్తో పెట్టుకోవాల్సిందే.

డ్రమ్ సీడర్ అంటే నాకు ఇష్టం, దాచడం ఎందుకు. రంధ్రాలున్న డబ్బాలను బురద మడిలో లాగుతూ పోతే మొలక విత్తనం సాళ్లలో రాలుతుంది. విత్తనం ఒక రోజు నానబెట్టి ఇంకో రోజు తడి గోనెలో మండెకడితే ముక్కు పగులుతుంది, అంతవరకే, మొలక పొడుగైతే రంధ్రాల్లోంచి రాలదు. నారు పీకి నాటే దెబ్బ లేదు కాబట్టి పంట వారం పది రోజులు ముందే కోతకొస్తుంది. చిక్కు ఎక్కడంటే, వేసిన రాత్రే గట్టి వాన పడితే విత్తనమంతా ఒక మూలకు కొట్టుకుపోతుంది, చదును సరిగా లేని మడిలో గుంటల్లో కుళ్లిపోతుంది, కలుపు మందు మొదటి వారంలోనే సమయానికి పడాలి. చౌడు నేల అయితే ఆలోచన కూడా పెట్టుకోకండి.

చేత్తో చల్లడం అన్నిటికంటే చవక, కానీ ఒకచోట దుబ్బుగా, ఒకచోట బోసిగా వస్తుంది. దుబ్బుగా ఉన్నచోట కాడ సన్నబడి, గాలి ఆడక పాముపొడ తెగులు పట్టి, వేరు పైపైనే ఉండడం వల్ల కంకి బరువెక్కాక ఒక్క గాలికి పడిపోతుంది. సాంబ మసూరి లాంటి పడిపోయే రకాన్ని చల్లడం అంటే టెన్షన్‌ను కొని తెచ్చుకోవడమే.

శ్రీ వరి సంగతి అడుగుతారు కదా. మడగాస్కర్‌లో పుట్టి 2003లో మన దగ్గరికి వచ్చింది: 8 నుంచి 12 రోజుల నారు, ఒక్కో మొక్క, 25 సెంటీమీటర్ల దూరం, ఎకరానికి రెండే కిలోల విత్తనం. లెక్కేస్తే చదరపు మీటరుకు 16 కుదుళ్లే, అయినా లేత నారు, కలుపు తీసే వీడర్ తిప్పడం వల్ల ఒక్కో కుదురు ముప్పై పిలకల దాకా వేస్తుంది. నీళ్లు పెట్టి ఆరబెట్టి మళ్లీ పెట్టాలి, బోరు ఉన్నవాళ్లకు కుదురుతుంది, కాల్వ కింద మాకు నీళ్లు వచ్చినప్పుడే పండగ.

ఇక బియ్యం నాణ్యత. గింజ పొడవు, సన్నం రకాన్ని బట్టి వస్తాయి, నాటే పద్ధతి వాటిని మార్చదు. అది మార్చేది నూకనూ, తాలునూ (గింజ నిండని పొల్లు). కుదుళ్లు పలచగా ఉంటే మొక్క చాలా రోజులు పిలకలు వేస్తూనే ఉంటుంది, చివరి పిలకల కంకులు ఆలస్యంగా పండుతాయి, హార్వెస్టర్ దిగే రోజుకి సగం కంకి ఎర్రగా, సగం పచ్చిగా. ఆ పచ్చి గింజే మిల్లులో విరిగేది. అందుకే 19 కుదుళ్ల చేతినాటు కంటే సరిగ్గా పడిన డ్రమ్ సీడర్ పైరు ఒకేసారి పండి, నూక తక్కువగా పోతుంది.

యాసంగిలో ఇది ఇంకా తేలిపోతుంది. క్వింటాలు వడ్లకు ప్రభుత్వానికి 67 కిలోల పచ్చి బియ్యం ఇవ్వాలని మిల్లరుకు లెక్క, ఏప్రిల్ ఎండల్లో పండిన గింజను పచ్చి బియ్యంగా ఆడిస్తే చాలావరకు నూకే అవుతుంది, అందుకే యాసంగి వడ్లను ఎక్కువగా ఉప్పుడు బియ్యం చేస్తారు. డ్రమ్ సీడర్ పైరు వారం పది రోజులు ముందు కోతకొస్తే ఆ ఎండా కొంత తప్పుతుంది, రాళ్లవానా తప్పొచ్చు.

విత్తే పద్ధతులకు ఒక్క శాపం కేళీలు, అంటే పైరులో కలిసి మొలిచే వేరే రకం మొక్కలు. పోయిన పంటలో రాలిన గింజ మన విత్తనంతో పాటే మొలుస్తుంది, పోయినసారి దొడ్డు రకం వేసిన మడిలో ఈసారి సన్నాలు చల్లితే కంకి వేసేదాకా తెలియదు. సన్నాలకు తెలంగాణ ప్రభుత్వం క్వింటాలుకు 500 రూపాయల బోనస్ ఇస్తున్నప్పుడు కల్తీ వడ్లతో కొనుగోలు కేంద్రానికి వెళ్తే ఎలా ఉంటుందో అనుభవిస్తే గానీ అర్థం కాదు.

అందుకని నేను ఇలా చేస్తున్నా: వానాకాలం సన్నాలకు మిషన్, 12 సెంటీమీటర్లకు పెట్టించి, పక్కనే నిలబడి. యాసంగికి చదునైన మూడెకరాల్లో డ్రమ్ సీడర్, అదీ రెండు పంటలూ ఒకే రకం వేస్తేనే. మిగతా రెండెకరాలు పల్లం, నీళ్లు తీసే దారి లేదు, అక్కడ చేతినాటే. ఈసారి మాత్రం గుత్త మాట్లాడేటప్పుడే ఎకరానికి మూడు వందలు ఎక్కువిస్తా, కుదుళ్లు లెక్కపెడతా అని చెప్పాను. మేస్త్రి నవ్వాడు గానీ ఒప్పుకున్నాడు.