నకానోలో పాత సోఫుబి బొమ్మలు: ఎక్కడ దిగాలి, ఏం చూసి కొనాలి

జపాన్ టీవీ హీరోలు అల్ట్రామన్, కామెన్ రైడర్ కాలపు అసలు బొమ్మల కోసం టోక్యో వెళ్లేవాళ్లు చాలామంది ముందు ఆనిమే, ఎలక్ట్రానిక్స్ దుకాణాల పేట అకిహబారాకే పరుగెడతారు. అక్కడి దుకాణాల భవనం రేడియో కైకాన్‌లోని షోకేసులు చూడదగ్గవే గానీ, వాటిలో ఎక్కువ భాగం ఈమధ్య వచ్చిన సరుకు. 1966లో మారుసాన్ అనే బొమ్మల కంపెనీ మొదలుపెట్టి, తర్వాత 1977 దాకా బుల్‌మార్క్ పోసిన మెత్తటి వినైల్ బొమ్మలు, అంటే సోఫుబిలు కావాలంటే ఒక రోజంతా పాత బొమ్మల దుకాణాలున్న భవనం నకానో బ్రాడ్‌వేకే ఇవ్వండి. అకిహబారాకు ఒక సాయంత్రం చాలు.

బస షింజుకులోనే మేలు. విమానాశ్రయం నుంచి నరితా ఎక్స్‌ప్రెస్ అక్కడిదాకా వస్తుంది కాబట్టి పెట్టెలతో రైళ్లు మారే బాధ తప్పుతుంది. షింజుకు నుంచి చూవో లైన్ ర్యాపిడ్‌లో నకానో 5 నిమిషాలే. ఉత్తరం వైపు బయటికొచ్చి సన్ మాల్ అనే పైకప్పున్న బజారు వీధి గుండా తిన్నగా నడిస్తే బ్రాడ్‌వేలోకే తేలతారు. పొద్దున్నే వెళ్తే మూసిన షట్టర్లే కనిపిస్తాయి. అక్కడ పాత బొమ్మలమ్మే మందరాకే దుకాణాలు తెరిచేది మధ్యాహ్నం 12కి. చిన్న షాపుల్లో కొన్నిటికి బుధవారం సెలవు. నేరుగా 4వ అంతస్తుకెక్కి, ఎర్రటి తోరీ (జపాన్ గుడి ముందుండే) ద్వారాలున్న మందరాకే దుకాణం హెన్‌యాతో మొదలుపెట్టి కిందికి దిగుతూ రండి.

ధర చీటీ మీద మూడు మాటలు వెతకండి. తోజిమోనో అంటే ఆ కాలంలోనే చేసింది. ఫుక్కోకు అంటే తర్వాత మళ్లీ పోసింది. కెప్పిన్ అంటే ఏదో భాగం లేదని.

బొమ్మ చేతికివ్వమని అడగండి, తీసి చూపిస్తారు. ముందు అరికాలు తిప్పి కంపెనీ గుర్తు చదవండి. ముక్కు, వేళ్ల కొసలు, తోక అంచుల్లో రంగు అరగడం మామూలే. గీతల్లో పేరుకున్న మురికి మీదుగా కూడా రంగు మెరుస్తుంటే మాత్రం ఎవరో మళ్లీ పూసినట్టే. తల, చేతులు మీరుగా తిప్పొద్దు. చలికి వినైల్ బిగుసుకుని, మెడ లోపలి అంచు చిరుగుతుంది. ఇంటికొచ్చాక హెయిర్ డ్రయ్యర్‌తో కాస్త వెచ్చబెట్టి తిప్పితే ఏ గొడవా లేదు. వంకర తిరిగిన కాలు కూడా వేడినీళ్లలో మెత్తబడ్డాక సరిచేసి, చన్నీళ్లలో ముంచితే నిలబడుతుంది.

1974లో పోపీ కంపెనీ తెచ్చిన మజింగర్ జెడ్ రోబో చోగోకిన్ (లోహపు బొమ్మ) దొరికితే పిడికిళ్లు రెండూ ఉన్నాయో లేదో చూడండి. స్ప్రింగుతో ఎగిరేవి కాబట్టి ఎక్కువగా పోయేవి అవే.

ఒకే షాపులో ఒకే రోజు పన్ను కాకుండా 5,000 యెన్‌లు గానీ అంతకు మించి గానీ కొంటే 10 శాతం పన్ను మినహాయింపు ఉంది. అసలు పాస్‌పోర్టే చూపాలి, జిరాక్స్ చెల్లదు. 2026 నవంబరు 1 నుంచి మాత్రం పన్నుతో సహా కట్టేసి, దేశం విడిచేటప్పుడు వాపసు తీసుకోవాలి.

సోఫుబి మీద నేరుగా బబుల్ ర్యాప్ చుట్టకండి, ఆ బుడగల అచ్చు వినైల్ మీద పడిపోతుంది. ముందు తెల్ల కాగితం, ఆపైన బబుల్ ర్యాప్. ఏ రెండు బొమ్మలూ ఒకదానికొకటి తగలకూడదు. పాత వినైల్‌లోంచి మెత్తదనాన్నిచ్చే నూనె ఊరుతుంది, ఒకదాని రంగు ఇంకోదానికి అంటుకుంటే మళ్లీ పోదు. ఆ నూనె గట్టి ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది కూడా. విజయవాడ, హైదరాబాద్ ఎండాకాలంలో ఈ ఊరడం ఇంకా ఎక్కువ, కాబట్టి కిటికీ పక్క అద్దాల బీరువాలో పెట్టొద్దు. జిగురు తేలితే గోరువెచ్చటి సబ్బునీళ్లతో కడిగి, నీడలో ఆరబెట్టండి. థిన్నర్ తగిలిందా, 50 ఏళ్ల రంగు గుడ్డకు వచ్చేస్తుంది.