సెకండ్ హ్యాండ్ గిటార్: ముందు పికప్ మార్చాలా, సెటప్ చేయాలా?

విశాఖలో ఒక కుర్రాడు ఊరు మారుతూ అమ్మేస్తే, స్ట్రాట్ (ఫెండర్ స్ట్రాటోకాస్టర్) తరహా ఎలక్ట్రిక్ గిటార్ ఒకటి 11 వేలకు కొన్నాను. ఆంప్‌కి (యాంప్లిఫయర్) తగిలించగానే గుయ్‌మని ఒకటే హోరు. తీగల కింది కొసను పట్టుకునే బ్రిడ్జి దగ్గరి పికప్ (తీగ కదలికను కరెంటు సంకేతంగా మార్చే అయస్కాంతపు భాగం) మోత వింటే పళ్లు జివ్వుమన్నాయి. ఆ రాత్రే కొత్త పికప్‌ల ధరలు చూస్తూ కూర్చున్నాను. పాత గిటార్ కొన్న ప్రతివాడికీ పట్టే జబ్బే ఇది.

బ్రిడ్జి దగ్గర సింగిల్ కాయిల్ (ఒకే తీగచుట్ట ఉన్న పికప్) పీకేసి హంబకర్ (రెండు చుట్టలున్న పికప్) వేయడమా, లేక అందులో సగం డబ్బుతో ఉన్నదాన్నే సెటప్ చేసి, అంటే తీగల ఎత్తూ మెడ వంపూ సరిచేసి, దారిలో పెట్టడమా?

హంబకర్ మీద మోజుకు కారణం లేకపోలేదు. రెండు కాయిల్స్‌ను ఎదురుబొదురుగా కలిపితే కరెంటు నుంచి వచ్చే హోరు ఒకదానిది ఇంకొకటి కొట్టేస్తుంది. గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ 1955లోనే ఈ కిటుకుకి పేటెంట్ అడిగాడు. పైగా నాదం కాస్త లావుగా వస్తుంది, డిస్టార్షన్ పెడితే నిండుగా ఉంటుంది. కానీ పెద్ద సైజుది పట్టాలంటే పిక్‌గార్డ్ (ముందున్న ప్లాస్టిక్ పలక) కింద చెక్కలో అంత గుంత ఉండాలి. స్క్రూలన్నీ విప్పి చూస్తే నా గిటార్లో లేదు. చెక్క తొలిపిస్తే రేపు అమ్మబోతే బేరం తెగదు. సింగిల్ కాయిల్ సైజులోనే సన్న హంబకర్లు దొరుకుతాయి, అవి నయం. అక్కడితో ఖర్చు ఆగుతుందా? 250 కె (కిలో ఓమ్‌ల) పాట్, అంటే నాబ్ కింద ఉండే రెసిస్టర్, మీద హంబకర్ కొంచెం మొద్దుగా పలుకుతుందని చాలామంది 500 కె వేస్తారు. చవక గిటార్లలో ఉండేవి చిన్న పాట్లు. పెద్దవి తెస్తే పిక్‌గార్డ్ రంధ్రాలు కూడా పెద్దవి చేయాలి. పిల్లి కోసం ఆవును కొన్నట్టు.

ఇక రెండో దారి. 12వ ఫ్రెట్ (మెడ మీది లోహపు కమ్మీ) దగ్గర లావు తీగ ఎత్తు 3 మిల్లీమీటర్లుంది, ఒకే వేలితో తీగలన్నీ నొక్కే బారే కార్డ్ పట్టలేక వేళ్లు విరిగేవి. సముద్రపు గాలికి సాడిల్ (బ్రిడ్జి మీద తీగ ఆనే ముక్క) స్క్రూలు తుప్పు పట్టి అలెన్ కీకి కదల్లేదు. చుక్క నూనె వేసి రాత్రంతా వదిలేస్తే పొద్దున కదిలాయి. మెడ వంపును సరిచేసే ట్రస్ రాడ్ పావు చుట్టు బిగించి, తీగల్ని 1.8 మిల్లీమీటర్లకు దించాను. జి తీగ ట్యూన్ చేస్తుంటే నట్ (మెడ పై కొసన తీగలు ఆనే గాట్ల పట్టీ) దగ్గర ‘టింగ్’మని ఎగిరేది. ఆ గాట్లో పెన్సిల్ రుద్దితే ఆ చప్పుడు పోయింది. 10 గేజ్ తీగలు తీసి ఇంకా సన్నని 9 వేస్తే గమకాలు లాగడం తేలికైంది. (పాలకొల్లు బిడ్డ మాండలిన్ శ్రీనివాస్ జంట తీగల్ని వదిలేసి ఐదు ఒంటి తీగలు పెట్టుకున్నాడు. వాద్యాన్ని మన చేతికి తగ్గట్టు మార్చుకోవడం తప్పేం కాదు.)

రాగి టేపుతో లోపలంతా షీల్డింగ్ చేస్తే గరగర తగ్గింది. గుయ్‌మనేది మాత్రం పూర్తిగా పోలేదు, అది షీల్డింగ్‌కి లొంగే రకం కాదు. నా గిటార్లో మధ్య పికప్ తిరగేసి చుట్టింది కాబట్టి స్విచ్ 2, 4 స్థానాల్లో (మధ్యది ఇంకో పికప్‌తో కలిసి పలికే చోట్లు) పెడితే దాదాపు నిశ్శబ్దం.

అందుకే నా ఓటు సెటప్‌కే. పొద్దస్తమానం మెటల్ వాయించేవాళ్లకు మాత్రం హంబకర్ తప్పదు, వాళ్లతో వాదించను. ఫ్రెట్లు లోతుగా అరిగిపోయిన గిటారైతే రెండూ వద్దు, అసలు కొనకండి. ఏం మార్చినా పాత భాగాల్ని మాత్రం పారేయకండి.

చివరికి ఆ బ్రిడ్జి పికప్ కీచుదనాన్ని తగ్గించింది ఒక వైరు ముక్క. పాత స్ట్రాట్ పద్ధతిలో ఆ పికప్‌కి టోన్ నాబ్ ఉండదు. రెండో నాబ్‌ను దానికి కలుపుతూ చిన్న వైరు టంకం వేశాను, పది నిమిషాల పని. పికప్ కోసం దాచిన డబ్బు అలాగే ఉంది. ఇప్పుడు కళ్లన్నీ ఆంప్ మీద పడ్డాయి.