రెండు తీసుకెళ్లాను, ఒకటి తెచ్చుకున్నాను

విశాఖ రుషికొండలో డైవింగ్ చేస్తూ, వీపుకి కట్టుకునే గాలి సిలిండర్ పాత స్టీలుది వెతుకుతున్నవాళ్లకి ఆటోనగర్‌లో నేను వెళ్లిన టెస్టింగ్ షెడ్డు గురించి చెప్పాలి.

ఫిషింగ్ హార్బర్ దారిలో ఒక పాతసామాన్ల కొట్లో 12 లీటర్ల సిలిండర్లు రెండు దొరికాయి. జత తొమ్మిది వేలు. పసుపు రంగు నిగనిగలాడుతోంది. సిలిండర్ భుజం మీద, అంటే మెడ కింది వంపు మీద, పొడిచిన అంకెలు ఆ రంగుతో పూడుకుపోయి టెస్ట్ తేదీ కనపడలేదు. పాత సిలిండర్‌కి కొత్త రంగు ఉంటే, డబ్బులిచ్చే ముందే గీకించి చూడండి. సిలిండర్ నిలబడడానికి కింద తొడిగిన బూటు కూడా ఊడదీయించండి, ఉప్పునీళ్లు నిలిచేది అక్కడే.

షెడ్డులో మేస్త్రీ గారు వాల్వులు విప్పి, వైరుకి కట్టిన చిన్న బల్బు లోపలికి దింపి నన్నూ చూడమన్నారు. ఒకదాంట్లో పైపైన ఎర్రటి తుప్పు. రెండోదాంట్లో అడుగున గోరంత గుంటలు. కాటా మీద పెడితే 13.4 కిలోలు. భుజం మీద పొడిచిన అసలు బరువు 14.2.

"ఐదు శాతం దాటి తరిగిపోయింది బాబూ, దీన్ని ఒగ్గేయండి" అన్నారు.

శుభ్రం చేసి ఒక్కసారి టెస్ట్ పెట్టమని బతిమాలాను. ఆయన గొంతు పెంచలేదు. "వీపుకి కట్టుకునేది మీరే. కానీ గాలి నింపే కుర్రాడు దీని పక్కనే నిలబడతాడు కదా" అన్నారు. ఇక నా దగ్గర మాట లేదు. 2016 గ్యాస్ సిలిండర్ల నిబంధనల ప్రకారం అలాంటిదాన్ని మళ్లీ అతకడానికి వీల్లేకుండా ధ్వంసం చేయాలి. నా ఎదుటే కట్టర్‌తో కోశారు. ముక్కలు తూచి, కిలో ముప్పై చొప్పున 402 రూపాయలు చేతిలో పెట్టారు. నాలుగున్నర వేలు పోయినందుకు బాధపడ్డాను. అయినా ఆ షెడ్డు మీద నాకు గురి కుదిరింది ఆ క్షణంలోనే.

మంచిదాన్ని మాత్రం ప్రాణం పెట్టి చేశారు. లోపల అల్యూమినియం ఆక్సైడ్ గులకలు, నీళ్లు పోసి రోలర్ల మీద ఆరు గంటలు దొర్లించారు. కడిగిన వెంటనే వేడిగాలి పట్టారు. కాస్త ఆలస్యమైతే తడి ఉక్కు మళ్లీ ఎర్రబడుతుంది. ఆ తర్వాత నీళ్ల జాకెట్‌లో, అంటే నీళ్లు నింపిన మూత తొట్టిలో, దించి 300 బార్ (ఒత్తిడి కొలత) దాకా ఒత్తిడి పెట్టారు. వాడకానికి నింపే ఒత్తిడి 200 అయితే టెస్ట్ దానికి ఒకటిన్నర రెట్లన్నమాట. ఒత్తిడి తీశాక సిలిండర్ మళ్లీ తన కొలతకి దాదాపుగా రావాలి. మొత్తం సాగినదాంట్లో పదో వంతు మించి మిగిలిపోతే పనికిరాదు. నాది నెగ్గింది. పౌడర్ కోటింగ్ (పొడి రంగు చల్లి ఓవెన్‌లో కాల్చేది) అడిగితే వద్దన్నారు. తుప్పు పట్టకుండా జింక్ ప్రైమర్ కొట్టి, అంకెలు పూడకుండా మామూలు రంగు వేశారు. వాల్వు దగ్గర గాలి కారకుండా పెట్టే కొత్త ఓ-రింగ్‌తో (రబ్బరు రింగు) కలిపి 3,800 అయింది.

ఒక్క లోపం చెప్పాలి. నాలుగు రోజులన్నది పదకొండు రోజులు పట్టింది, మధ్యలో ఒక్క ఫోనూ లేదు.

మొన్న ఆదివారం దాంతో దిగాను. అల్యూమినియందైతే గాలి తగ్గేకొద్దీ తేలికై పైకి లాగుతుంది. ఇది చివరిదాకా వీపుని అంటిపెట్టుకునే ఉంది. మునగడానికి బరువుగా కట్టుకునే బెల్టులోంచి రెండు కిలోల సీసం తీసేశాను.

షెడ్డుకి వెళ్లేవాళ్లు పొద్దున్న పదిలోపు వెళ్లండి. మేస్త్రీ గారు బల్బు దింపి తీరిగ్గా చూపించేది అప్పుడే.