ఫుట్‌బాల్ మేనేజర్‌లో రెడీమేడ్ టాక్టిక్ మేలా, సొంతది మేలా?

ఫుట్‌బాల్ మేనేజర్ అనే కంప్యూటర్ గేమ్‌లో మనమే క్లబ్‌ను నడపాలి. అందులో కొత్త కెరీర్ మొదలుపెట్టేవాళ్లకు టాక్టిక్, అంటే జట్టు ఎలా ఆడాలో చెప్పే ప్లాన్, విషయంలో మూడు దారులున్నాయి. గేమ్‌లోనే ఉన్న ప్రీసెట్ స్టైల్ ఎంచుకోవచ్చు, స్టీమ్ వర్క్‌షాప్ (గేమర్లు తాము చేసినవి పంచుకునే ఆన్‌లైన్ వేదిక) లాంటి చోట ఎవరో పెట్టిన టాక్టిక్ డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, లేదంటే అంతా మనమే కూర్చుకోవచ్చు.

గెలుపు ఒక్కటే చూసుకుంటే డౌన్‌లోడ్ చేసినదానిదే పైచేయి. మ్యాచ్ ఇంజిన్‌కు (గేమ్‌లో మ్యాచ్‌లను నడిపే సాఫ్ట్‌వేర్‌కు) ఏది లొంగుతుందో సీజన్ల కొద్దీ నడిపి చూసి మరీ వదులుతారు. చాలావాటిలో కనిపించేది ఒకటే: డిఫెన్సివ్ లైన్ (డిఫెండర్లు నిలబడే వరస) పైకి, ప్రెసింగ్ (బంతి కోసం ప్రత్యర్థి మీదికి వెళ్లడం) గట్టిగా, టెంపో వేగంగా. ఒక అప్‌డేట్ వచ్చి ఇంజిన్ మారినా, మన పేరు పెరిగి ప్రత్యర్థులంతా సొంత బాక్స్ ముందు గోడ కట్టినా గోల్స్ ఆగిపోతాయి. అప్పుడు ఏ సెట్టింగ్ ముట్టుకోవాలో మనకు తెలియదు. ఇంకో టాక్టిక్ కోసం వెతుక్కోవడమే.

ప్రీసెట్‌లు 2019 ఎడిషన్‌తో వచ్చాయి. గెగెన్‌ప్రెస్ (బంతి పోగానే మీదపడి లాక్కోవడం), టికి-టాకా (చిన్న చిన్న పాస్‌లతో బంతిని దగ్గరే ఉంచుకోవడం), కటెనాచియో (గట్టి డిఫెన్స్), రూట్ వన్ (పొడవాటి పాస్‌తో నేరుగా ముందుకు) వగైరా. నా ఓటు వీటికే, అయితే ఉన్నవి ఉన్నట్టుగా కాదు. చిన్న క్లబ్ తీసుకుని గెగెన్‌ప్రెస్ నొక్కేవాళ్లు చాలామంది. ఆటగాళ్ల స్టామినా, వర్క్ రేట్ (మైదానంలో కష్టపడే గుణం) 20కి 8, 9 దగ్గర ఉంటే రెండో సగంలో కాళ్లు ఈడుస్తారు, గాయాలూ పెరుగుతాయి. అలాంటి జట్టుకు కౌంటర్ అటాక్ (వెనక కాచుకుని, బంతి దొరకగానే వేగంగా దాడి చేసే) స్టైలే నయం. టికి-టాకాదీ ఇదే కథ. పాసింగ్ రాని సెంటర్ బ్యాక్‌లతో వెనకనుంచి చిన్న పాస్‌లతో ఆట కట్టమంటే బంతి మన గోల్ ముందే పోతుంది. ఆ ఒక్క సూచన తీసేసి చూడండి, మిగతా స్టైల్ చాలావరకు నిలబడుతుంది. ప్రీసెట్‌లో ప్రతి సూచనా కళ్లముందే ఉంటుంది, ఒక్కోటి తీసి చూస్తే దాని పని తెలుస్తుంది. డౌన్‌లోడ్ చేసినవాటిలోనూ అన్నీ కనిపిస్తాయి గానీ, గెలుస్తున్నంతకాలం వాటిని తెరిచి చూసే ఓపిక ఎవరికుంటుంది?

పూర్తిగా సొంతంగా కట్టడం ఆటను బాగా ఎరిగినవాళ్ల సరదా. 2026 ఎడిషన్‌లో బంతి మన దగ్గర ఉన్నప్పుడు ఒక ఫార్మేషన్, లేనప్పుడు మరొకటి పెట్టుకోవాలి కాబట్టి పని రెట్టింపయింది. సీజన్ మధ్యలో మొదలుపెడితే టెన్షన్ తప్పదు, జట్టుకు కొత్త టాక్టిక్ అలవాటయ్యేలోపు పాయింట్లు పోతాయి.

డౌన్‌లోడ్ చేసినదాన్ని వదల్లేకపోతే ప్రీ-సీజన్‌లోనే రెండో టాక్టిక్‌గా పెట్టుకోండి. ట్రైనింగ్‌లో జట్టు దాన్నీ నేర్చుకుంటుంది. ఫ్రెండ్లీల్లో రెండూ మార్చి మార్చి ఆడిస్తే మీ స్క్వాడ్‌కు ఏది నప్పుతుందో లీగ్ మొదలవకముందే కొంత తెలుస్తుంది.