కొత్త ట్రాక్టర్ ట్రక్కు కొంటున్నారా? రంగు కింద వెల్డింగ్ చూసి డబ్బు కట్టండి

నెల్లూరు, ఒంగోలు చుట్టుపక్కల కోతలకు ట్రాక్టర్ వెనక తగిలించే కొత్త ట్రక్కు తీసుకోవాలనుకునేవాళ్ళు ఇది చదివాకే అడ్వాన్స్ ఇవ్వండి. మాది కోవూరు వైపు. మా ఇంట్లో కొన్న రెండు చక్రాల హైడ్రాలిక్ ట్రక్కు మొదటి పంట తోలడం కూడా పూర్తికాకముందే ఛాసిస్ దగ్గర విరిగింది. టైరు పేలడమో బేరింగ్ పోవడమో అయితే ఇంత రాసేవాణ్ణి కాదు. ముందు నొగ (ట్రాక్టర్ హుక్కుకు తగిలించే దూలం) వచ్చి ఛాసిస్‌కు అతికే చోట ఛానల్ (ఛాసిస్ కట్టే ఇనుప దూలం) చీలిపోయి, ట్రక్కు ముందు భాగం నేలకు వంగిపోయింది. కేసు నడుస్తోంది కాబట్టి షాపు పేరు రాయను. ఎక్కడ చూడాలి, ఏం అడగాలి, విరిగితే ఏం చేయాలి అన్నవే మీకు పనికొస్తాయి.

ఆ రోజు మా తమ్ముడు కోత మిషన్ పోసిన ధాన్యం వేసుకొని, రోడ్డు మీద కాటా వేయించుకొని మిల్లు దారి పట్టాడు. తూము దగ్గర గతుకులో దిగి ఎక్కగానే వెనక టక్ మని శబ్దం వచ్చిందట. తిరిగి చూస్తే ట్రక్కు ముందు అంచు కిందికి జారి ఉంది, హుక్కు మెలి తిరిగి ఉంది. రెండో గేరులో పోతున్నాడు కాబట్టి సరిపోయింది. ఇదే జాతీయ రహదారి 16 మీద, వెనక లారీలు తరుముకొస్తుంటే జరిగి ఉంటే ఇప్పుడు నేను రాసేది వేరేలా ఉండేది.

సాయంత్రానికి మా ఊరి వెల్డింగ్ మేస్త్రిని పిలిచాం. ఆయన చీలిక పక్కన రంగును స్క్రూడ్రైవర్‌తో గోకితే ఇనుము తగల్లేదు. బూడిద రంగు లప్పం పెచ్చులు పెచ్చులుగా ఊడింది. కారు సొట్టలకు పెట్టే లప్పమే. అది తీసేశాక నొగకూ ఛానల్‌కూ మధ్య గోరు దూరేంత సందు కనిపించింది. పొడవునా వెల్డింగ్ కుట్టు వేయాల్సిన చోట అక్కడక్కడా టాకాలు (చిన్న వెల్డింగ్ చుక్కలు) వేసి వదిలేశారు. ఆ సందులో లప్పం నింపి, గరుకు కాగితంతో సాపు చేసి, పైన నిగనిగలాడే రంగు కొట్టారు.

మేస్త్రి చూపించిన ఇంకో సంగతి ఈ కథలో అన్నిటికన్నా విలువైనది. విరిగిన అంచు అంతా ఒకే రంగులో లేదు. కింది భాగం తుప్పుతో నల్లబడి ఉంది, పై భాగం అప్పుడే కోసిన ఇనుములా మెరుస్తోంది. "నల్లగా ఉండేది ఎప్పుడో పగిలింది అబ్బయ్యా. తెల్లగా ఉండేది ఇయాల పగిలింది" అన్నాడు. అంటే చీలిక ముందే మొదలై, ప్రతి లోడుకూ కొంచెం కొంచెం పాకుతూ వచ్చింది. బరువెక్కువై ఒక్క దెబ్బకు విరిగిందైతే అంచంతా ఒకేలా మెరవాలి కదా. మన సముద్రపు గాలికి ఆ మెరుపు ఎంతోసేపు నిలవదు. అందుకే అప్పటికప్పుడు, పక్కన స్కేలు పెట్టి మరీ ఫోటోలు తీశాం. తరువాత విరిగిన చోట నూనె పూసి కవరు చుట్టాం.

రెండు చక్రాల ట్రక్కుకు ఇక్కడే ఎందుకు దెబ్బ తగులుతుందో తెలిస్తే కొనేటప్పుడు కళ్ళు అక్కడికే పోతాయి. వెనక ఇరుసు ఒక్కటే ఉంటుంది కాబట్టి, బరువులో కొంత భాగం నొగ మీదుగా ట్రాక్టర్ హుక్కు మీద పడుతుంది. గతుకులో దిగినప్పుడు నొగ ఒకవైపు వంగుతుంది, ఎక్కినప్పుడు ఇంకోవైపు. బ్రేకు కొడితే లోడంతా ముందుకు నెడుతుంది. ఈ వంపులన్నీ వచ్చి చేరేది నొగ, ఛాసిస్ అతికే మూలకే. అక్కడ కుట్టు నిండుగా ఉండాలి, పైగా మూల పట్టీలు ఉండాలి. మా దానికి పట్టీలు ఉన్నాయి, అవీ టాకాల మీదే నిలబడ్డాయి. ఇరుసును ఛాసిస్‌కు కట్టే చోటు, తొట్టిని ఎత్తే జాకీ మోపే అడ్డ ఛానల్, వెనక తొట్టి తిరిగే పిన్నుల చోటు కూడా ఇలాంటివే.

ఛానల్ సైజు దగ్గర ఇంకో మోసం. కొటేషన్‌లో 125 మిల్లీమీటర్ల ఛానల్ అని రాసి ఇచ్చారు. టేపు పెట్టి కొలిస్తే 100. కంటికి పెద్ద తేడా తెలియదు, బరువులో తెలుస్తుంది. 125 ఛానల్ మీటరుకు దాదాపు 13 కిలోలు తూగుతుంది, 100 ఛానల్ సుమారు తొమ్మిదిన్నర కిలోలే. ఛాసిస్ అంతటికీ కలిపితే ఎంత ఇనుము మిగిలిందో, ఎవరి జేబులో మిగిలిందో లెక్క వేసుకోండి.

షాపుకు ఫోన్ చేయగానే మొదటి మాట: "ఓవర్‌లోడు వేసుంటారన్నా." ఇది వాళ్ళ దగ్గర ఎప్పుడూ రెడీగా ఉండే మాట. మా తమ్ముడి జేబులో కాటా చీటీ ఉంది. దాని మీద తేదీ, టైము, బండి నంబరు, ఖాళీ బరువు, లోడు బరువు అన్నీ ఉన్నాయి. వేసింది నాలుగు పుట్లు. మన నెల్లూరు పుట్టి 850 కిలోలు కాబట్టి 3,400 కిలోలు. వాళ్ళు అమ్మింది ఐదు టన్నుల ట్రక్కు అని. చీటీ ఫోటో పంపిస్తే షాపాయన ఏమన్నాడో వినండి: "ఐదు టన్నులదంటే ఐదు టన్నులూ నింపేదానికా అన్నా?" మరి ఐదు టన్నుల ట్రక్కు దేనికి కొంటారో ఆయనే చెప్పాలి.

ఆ తరువాత గొంతు మారింది. "మనోళ్ళే గదా, తోలుకురండి, పట్టీ వేసి వెల్డింగ్ కొట్టిస్తా, సాయంత్రానికి తీసుకుపోండి" అన్నాడు. కోతల మీద ఉన్నవాడికి ఈ మాట వింటే మనసు లాగుతుంది. మేము పంపలేదు. ఒక్కసారి ఆ షెడ్డులో గ్రైండర్ తగిలిందంటే లప్పం పోతుంది, టాకాలు పోతాయి, నల్లటి అంచు పోతుంది. ఇక మీ దగ్గర మిగిలేది మాట మాత్రమే. మిగతా ధాన్యం బాడుగ ట్రక్కుతో తోలుకున్నాం, ఆ బాడుగ రసీదులు కూడా ఫైల్లో పెట్టాం.

కాగితాల సంగతి కాస్త ఓపిగ్గా చదవండి. మోటారు వాహనాల చట్టం లెక్కలో ట్రక్కు కూడా ఒక వాహనమే, దానికి ట్రాక్టర్‌తో సంబంధం లేకుండా వేరే రిజిస్ట్రేషన్ ఉండాలి. అమ్మినవాళ్ళు ఫారం 21 ఇవ్వాలి, అది సేల్ సర్టిఫికెట్. తయారుచేసినవాళ్ళు రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందని ఫారం 22 ఇవ్వాలి, బాడీ వేరే చోట కడితే 22-ఏ. మా ఫారంలో తయారీదారు పేరు ఒకటి, ట్రక్కు నిజంగా కట్టిన షెడ్డు ఇంకొకటి. పేరున్న కంపెనీలు తమ నమూనాను పుణేలోని ఏఆర్‌ఏఐ లాంటి వాహన పరీక్షా సంస్థల్లో పరీక్ష చేయించి ధ్రువపత్రం తీసుకుంటాయి. దాని కాపీ అడగండి, అందులోని ఛానల్ కొలతలు, ఇరుసు సైజు మీ ముందున్న ట్రక్కుతో సరిపోతున్నాయో లేదో చూడండి. ఛాసిస్ నంబరు ప్లేటు మీద కాదు, ఇనుము మీద కొట్టి ఉండాలి. కాగితాల్లో రాసిన ఖాళీ బరువు చూసి, డబ్బు మొత్తం కట్టకముందే ట్రక్కును కాటా ఎక్కించండి. చెప్పిన దానికన్నా బాగా తక్కువ తూగితే ఇనుము ఎక్కడో తగ్గినట్టే. కాటాకు అయ్యే ఖర్చు మీ మొదటి రోజు డీజిల్ అంత కూడా ఉండదు.

"బ్రేక్ ఇన్‌స్పెక్టర్ చూసి పాస్ చేశాడు గదా" అని షాపాయన ఒకసారి అన్నాడు. రిజిస్ట్రేషన్ రోజు ఆ రవాణా శాఖ ఇన్‌స్పెక్టర్ లప్పం గోకి చూడడు. ఇన్సూరెన్స్ మీద కూడా ఆశ పెట్టుకోకండి. ట్రక్కును పాలసీలో చేర్పించడం అవసరమే, కానీ యంత్రం దానంతట అది విరిగితే, అరిగిపోతే మామూలు మోటారు పాలసీ కట్టివ్వదు.

కొనేటప్పుడు వీలైతే రంగు వేయకముందు, రెడ్ ఆక్సైడ్ కూడా కొట్టకముందు షెడ్డుకు పోయి చూడండి. మీతోపాటు ఒక వెల్డింగ్ మేస్త్రిని తీసుకుపోండి, ఆయన కూలి ఇవ్వండి. రంగు వేసేశాకైతే ఒక అయస్కాంతం జేబులో వేసుకోండి. ఇనుము మీద గట్టిగా పట్టుకునేది, కింద మందంగా లప్పం ఉన్నచోట పట్టు సడలుతుంది. అడుగున పడుకొని సెల్‌ఫోన్ లైటు వేసి చూడండి. పైకి కనిపించే కుట్లు అందంగానే ఉంటాయి, అసలు సంగతి కిందే. అయస్కాంతం తీస్తే షాపువాడు మొహం చిట్లిస్తే అదే మీకు జవాబు.

విరిగాక మేము చేసింది ఇదీ. ముందు షాపుకూ, ఫారంలో పేరున్న తయారీదారుకూ ఇద్దరికీ స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపాం, అందినట్టు రుజువు తీసి పెట్టుకున్నాం. ఫోన్లో ఎన్ని మాట్లాడినా చివరకు నిలిచేది కాగితమే. తరువాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు ఇచ్చాం. అక్కడ పని కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. నెల్లూరులో ఉంది, ఒంగోలులో ఉంది. కొన్న ఊరు ఎక్కడైనా, మీరుండే జిల్లాలోనే కేసు వేయొచ్చని 2019 చట్టం చెబుతోంది. ఇది చాలామందికి తెలియక, అమ్మినవాడి ఊరికి తిరగలేక వదిలేస్తారు. వస్తువు ధర ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంట్లో కూర్చొని కూడా వేయొచ్చు. రెండేళ్ళ లోపు వేయాలి.

అవతలి లాయరు "ఇది వ్యాపారానికి కొన్నారు, వీళ్ళు వినియోగదారులు కారు" అని ఒక మెలిక పెడతాడు. సొంత పొలానికి, సొంత బతుకుతెరువు కోసం కొన్నదైతే చట్టంలో ఆ మెలిక నిలవదు. పట్టాదారు పాస్‌పుస్తకం కాపీ జత చేయండి. లోపం కంటితో తేలేది కాదనుకుంటే పరీక్షకు పంపే అధికారం కమిషన్‌కు ఉంది, దాని ఖర్చు ముందు మనల్నే కట్టమనవచ్చు. ట్రక్కు మూలన పడి ఉంది కదా అని లోను వాయిదాలు మాత్రం ఆపకండి. బ్యాంకుకు మీ ట్రక్కు విరిగిన సంగతితో పని లేదు, ఆలస్యమైతే మీ సిబిల్ పోతుంది.

నోటీసు అందాక షాపాయన ఊళ్ళో పెద్దమనిషి చేత కబురు పంపాడు, వేరే ట్రక్కు ఇస్తాను, కేసు వెనక్కు తీసుకోమని. ఏ షెడ్డులో కట్టిందని అడిగితే అదే షెడ్డు. మాకు ట్రక్కు వద్దు, కట్టిన డబ్బు, బాడుగ ఖర్చు ఇస్తే చాలని చెప్పి పంపించాం. ఇలాంటి ట్రక్కే మీకూ తగిలి ఉంటే విరిగిన చోటు ఫోటో, కొటేషన్ కాపీ దగ్గర పెట్టుకొని నాకు మెసేజ్ చేయండి. ఒకే షెడ్డువి ఇంకో రెండు బయటపడితే ఓవర్‌లోడు మాట అనడానికి వాళ్ళకు నోరు రాదు.